అన్ని అడ్రసులకీ వినాయకుడే

ఆ రోజుల్లో కంప్యూటరు తెరమీద పచ్చరంగు కనబడితే చాలు, లోకమంతా సుభిక్షంగా ఉందని నమ్మేవాణ్ణి. విజయనగరంలో ఒక టైలరు కొట్టు మేడమీద, వెబ్‌సైట్లు తయారుచేసే మా ఆఫీసు. అందరం మావ అని పిలిచే మా యజమాని (ఎవరికీ వరసకు మావ కాడు) నన్ను పనిలో పెట్టుకున్నాడు గానీ ఇంకా ఖాయం చేయలేదు. "బొబ్బిలి సావుకారు సైటు బాగా తెరుసుకున్నాదంటే నువ్వుంటావు, లేదంటే ఇంటికెల్తావు" అని నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటి దగ్గర మా నాన్న అప్పటికే నాకోసం వరిచేలో పని సిద్ధం చేసి ఉంచాడు.

ఆ సావుకారుది బెల్లం, చింతపండు, నువ్వుల టోకు వ్యాపారం. సైటులో ఏ అడ్రసు కొడితే ఏ పేజీ రావాలో చెప్పే వరుసలు ఒక ఫైలులో ఉంటాయి. వాటిని రూట్లు అంటారు. ఒక్కో అడ్రసూ చేత్తో కొట్టి చూసుకోవడం మావ పద్ధతి. నేను కొత్త చదువు చదివినవాణ్ణి కదా, ఆ పని కంప్యూటరే చేసుకునేలా టెస్టులు రాశాను. పేజీ తెరుచుకుంటే పచ్చరంగు, తెరుచుకోకపోతే ఎరుపు. "ఒరే, ఓపాలి సేత్తో కొట్టి సూడరా" అని మావ అంటే, "అది పాతకాలం పద్ధతి మావా" అని ఆయన వైపు జాలిగా చూసేవాణ్ణి. ఆ చూపు తలుచుకుంటే ఇప్పుడు నాకు నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

ప్రారంభం రోజు పొద్దున్నే, ఇంకా బొబ్బిలి బయల్దేరకముందే, సావుకారు ఫోను చేశాడు. "బావూ, ఎవుడు ఏ దారంట వొచ్చినా ముందు వినాయకుడు కనబడాల. అన్నిటికన్నా పైన పెట్టు." న్యాయమే కదా! ఫైలు తెరిచి అన్నిటికన్నా పై వరుసలో, ఏ అడ్రసు కొట్టినా వినాయకుడి పేజీ వచ్చేలా రాశాను. ఏ పూజకైనా ముందు వినాయకుడికి మొక్కి, తర్వాత అసలు పూజలోకి వెళ్లడం చిన్నప్పటినుంచి చూసినవాణ్ణి. కంప్యూటరు కూడా అలాగే స్వామికి ఓ దండం పెట్టి కింది వరుసకు వెళ్తుందనుకున్నాను. (సరిపోయిన మొదటి వరుస దగ్గరే అది ఆగిపోతుందని, కింది వాటి మొహం కూడా చూడదని క్లాసులో చెప్పిన రోజున నేను సినిమాకు వెళ్లాను.) టెస్టులు నడిపితే అన్నీ పచ్చగా వెలిగాయి. మావకు గర్వంగా చూపించి, ఆయనతో కలిసి బొబ్బిలి బస్సెక్కాను.

సావుకారు కొట్లో కంప్యూటరు పక్కన తమలపాకులో పసుపు వినాయకుడు, ఎదురుగా పురోహితుడు, చుట్టూ బంధువులు, కుర్చీలో సావుకారు వాళ్లమ్మ. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు. ప్రతి పేజీకీ పైన ఉండే సరుకుల పేర్లలో సావుకారు 'బెల్లం' అన్నచోట నొక్కాడు. వినాయకుడు వచ్చాడు. అందరూ భక్తిగా దండం పెట్టారు. 'చింతపండు' నొక్కాడు. వినాయకుడే. మళ్లీ దండాలు. 'నువ్వులు' నొక్కేసరికి దండాలు కాస్త పలచబడ్డాయి. సాలూరు నుంచి వచ్చిన ఆయన బావమరిది నోరు విప్పాడు. "ఏటి బావా, బెల్లం అమ్మతావా, దర్సనాలు అమ్మతావా?" కొట్టంతా నవ్వు. మావ నా వైపు చూశాడు. నా టెస్టులు పేజీ తెరుచుకుందా అని మాత్రమే అడిగాయి. ప్రతిసారీ తెరుచుకుంది, దివ్యంగా తెరుచుకుంది. ఏ పేజీ తెరుచుకుందని అడగాలని నాకు తట్టనే లేదు.

"చిన్న పనేనండీ, పైనున్న వినాయకుడి వరుసని అన్నిటికన్నా కిందికి తెస్తే సరిపోతుంది" అన్నాను. సావుకారు లేచి నిలబడ్డాడు. "ఏటీ? ముహూర్తం పూట దేవుణ్ణి కిందికి దించేస్తావా?" పురోహితుడు చెవులు మూసుకున్నాడు. మావ తలపట్టుకున్నాడు. నాకు మా వరిచేను కళ్లముందు కనబడింది.

అప్పుడు కుర్చీలోంచి ముసలమ్మ కసిరింది. "ఏటిరా ఆ గోల? పూజయ్యాక పసుపు వినాయకుణ్ణి కదపమేటి? ఉద్వాసన సెప్పించి కదపండి!"

కంప్యూటరుకు ఉద్వాసన చెప్పిన అనుభవం పురోహితుడికి లేదు. కాస్త ఆలోచించి, కీబోర్డు మీద అక్షింతలు చల్లి మంత్రం అందుకున్నాడు. ఆయన పసుపు వినాయకుణ్ణి అలా పక్కకు జరిపాడు, నేను ఇలా వరుసను కిందికి దించాను. సావుకారు 'బెల్లం' నొక్కాడు. బెల్లమే వచ్చింది. ఈసారి దండం పెట్టింది నేనొక్కణ్ణే.

"మరి సామి ఏడి?" అన్నాడు సావుకారు, ఇంకా అనుమానంగానే. ఒక తప్పు అడ్రసు కొట్టి చూపించాను. వినాయకుడు ప్రత్యక్షం. "అడ్రసు తప్పినవాళ్లందరికీ ఈయనే కనబడతాడండీ." సావుకారు మొహం విప్పారింది. "మరే! దారి తప్పినోడికి ఆయనే కదేటి దిక్కు!"

తిరుగు బస్సు దిగేముందు మావ, "రేపు ఏగిరం వొచ్చీ. ఏ పేజీ వొచ్చినాదో అడగడం కూడా నీ టెస్టులకి నేర్పుదువు గాని" అన్నాడు. ఉద్యోగం ఉందని నాకు అలా తెలిసింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు పచ్చరంగు చూపిస్తే, "ఓసారి చేత్తో కొట్టి చూడమ్మా" అంటాను. వాళ్లు నా వైపు జాలిగా చూస్తారు. ఆ చూపు నాకు బాగా తెలిసిందే కనుక కోపం రాదు. పని తోచని మధ్యాహ్నాల్లో సావుకారు సైటులో కావాలనే తప్పు అడ్రసు కొడతాను. స్వామి ఇంకా అక్కడే ఉన్నాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించకపోతే, ఆనాటి తెలివైన కుర్రాడి తరఫున ఓ దండం పెట్టుకుంటాను.