గ్యారేజీలో ఉడికిపోయిన వైన్

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మనిషిని చంపలేదు, ఎవరి సొమ్మూ కాజేయలేదు. అలా అనుకుని సర్దుకుందామని చాలాసార్లు చూశాను. కుదరలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన ప్రాజెక్ట్ పోయి అపార్ట్‌మెంట్ వదిలేయాల్సి వచ్చినప్పుడు, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో మమ్మల్ని తమ ఇంట్లో పెట్టుకున్నది అన్నయ్య, వదిన. చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఒకప్పుడు మా ఆయనకు ఆఫీసులో సీనియర్, అంతే.

అన్నయ్య కార్ల కంపెనీలో ఇంజనీరు. వయసులో ఉండగా పని మీద ఫ్రాన్స్‌లో ఉన్నాడు. వాళ్ళ అమ్మాయి అక్కడే పుట్టింది. ఆ ఊరి పక్కనే ఒక పాత వైన్ ఎస్టేట్ ఉండేదట. రెండు బురుజుల రాతి భవనం, నది ఒడ్డున గులకరాళ్ళ నేలలో ద్రాక్షతోట, తరతరాలుగా ఒకే కుటుంబం. ఆ రాళ్ళు పగటి ఎండను దాచుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తాయని, గుత్తులన్నీ చేత్తోనే కోస్తారని, ఓక్ పీపాల్లో రెండు చలికాలాలు గడిస్తే గానీ వైన్ సీసాకెక్కదని, అన్నయ్య ప్రతి ఆదివారం కొత్తగా చెబుతున్నట్టే చెప్పేవాడు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. కూతురు పుట్టిన ఏటి పంటతో చేసిన వైన్ ఒక పెట్టెడు కొని, ఆమె ఇరవై ఒకటో పుట్టినరోజుకని దాచాడు. తర్వాత ఆ కుటుంబం ఎస్టేట్ అమ్మేసింది. కొన్నవాళ్ళు పాత తీగలు పీకేశారు. ఆ వైన్ ఇక మళ్ళీ రాదు.

వదినకు ఆ సీసాలంటే గిట్టదు. దేవుడి గది ఉన్న ఇంట్లో అవేమిటని గ్యారేజీలోకి నెట్టించింది. అక్కడ వాటికోసం ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్ ఉండేది.

ఒక వేసవి అన్నయ్యను కంపెనీ మెక్సికో పంపింది. నేను ఊరికే కూర్చోలేక, గ్యారేజీలో వదిన గ్రైండర్ పెట్టుకుని ఇడ్లీ పిండి రుబ్బి తెలిసినవాళ్ళకు అమ్మేదాన్ని. నా వీసా మీద ఆ పని చేయకూడదు. గ్రైండరూ ఫ్రిజ్జూ కలిసి నడిస్తే కరెంట్ ట్రిప్ అయ్యేది. అందుకని ఫ్రిజ్ ప్లగ్ తీసి, రుబ్బడం అయ్యాక పెట్టేదాన్ని. ఒకసారి పెట్టడం మరిచాను. మర్నాటి నుంచి జ్వరం పట్టుకుని గ్యారేజీ వైపే వెళ్ళలేదు. బయట ఎండలు మండిపోతున్నాయి. లేచి వెళ్ళేసరికి సీసాలు వేడినీళ్ళలో పెట్టి తీసినట్టున్నాయి. కొన్నిటి బిరడాల చుట్టూ వైన్ కారి ఎండిపోయింది. తడిగుడ్డతో తుడిచేశాను. ప్లగ్ పెట్టేశాను. మరుపు ఎవరికైనా వస్తుంది, కానీ ఆ మరకలు మాత్రం నేను అన్నీ తెలిసే తుడిచాను.

అక్టోబరులో అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. ఇంటినిండా జనం. అన్నయ్య గ్లాసులో పోసి, వాసన చూసి ఆగిపోయాడు. ఉడికిన కిస్‌మిస్ వాసన. రెండో సీసా తెరిచాడు, మూడోది తెరిచాడు. అన్నీ అంతే. వేడికి పాడయ్యాయని ఆయనకు తెలిసిపోయింది. వదిన వైపు చూశాడు.

"ప్లగ్ తీసేశావా?"

"అయ్యో, నేనెందుకు తీస్తానండీ? ఇష్టం లేకపోతే మాత్రం అంత పని చేస్తానా?" అంటూ వదిన నా వైపు తిరిగింది. "నువ్వు అక్కడే గ్రైండర్ వేసేదానివి కదమ్మా. ఎప్పుడైనా అన్‌ప్లగ్ చేశావా? చేస్తే చెప్పు, పర్లేదు, ఎవరూ ఏమీ అనరు."

"లేదొదినా. నేను అటువైపు ప్లగ్ వాడేదాన్ని."

ఎవరూ ఏమీ అనరని ఆవిడ ముందే చెప్పింది. అయినా ఎందుకు అబద్ధమాడాను? తలదాచుకున్న చోటు పోతుందనా? పిండి వ్యాపారం సంగతి నలుగురిలో పడుతుందనా? అవన్నీ తర్వాత నేను వెతుక్కున్న సాకులే. ఆ క్షణంలో ఏదీ ఆలోచించలేదు. అబద్ధమే ముందు నోటికి వచ్చింది, కనీసం తడబాటైనా లేకుండా వచ్చింది, తలుచుకుంటే నా మీద నాకే భయం వేస్తుంది.

అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. కసికొద్దీ ఆవిడే చేసిందని నమ్మి, మకాం బేస్‌మెంట్‌కి మార్చేశాడు. మా ఆయనకు వేరే ఉద్యోగం దొరికి మేము బయటపడ్డాం. వాళ్ళిద్దరూ మాత్రం ఏళ్ళ తరబడి అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు.

పోయిన చలికాలం వదిన రమ్మంటే వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఆలోచించి ఆలోచించి, గ్యారేజీ వాక్యూమ్ చేసేటప్పుడు ప్లగ్ తనే తీసి ఉంటుందని తేల్చుకుందట. గుర్తయితే లేదు, కానీ ఆ సీసాల మీద తనకున్న కోపానికి చెయ్యి దానంతటదే తీసి ఉంటుందంది. అన్నయ్యను క్షమించమని అడిగిందట. ఆయన క్షమించి, మళ్ళీ పైకి వచ్చేశాడట. చెబుతూ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. పోనీలెమ్మని వీపు నిమిరాను.

ఇప్పుడు చెబితే ఆవిడకు తన మనసు మీద తనకు నమ్మకం తిరిగి వస్తుంది. నాకు వదిన దూరమవుతుంది. ఏది న్యాయమో తెలుసు. అయినా ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. చెప్పాల్సిన మనిషికి కాకుండా మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. ఇలా తేలికైనందుకు కూడా సిగ్గుగానే ఉంది.