చీటీ రాసి మోసిన పుస్తకాలు

కాపాడిన దేవునికి స్తోత్రం. నా తెలివి వల్ల కాదు, ఆయన కృప వల్లే ఆ ఉద్యోగం నిలిచింది. అందుకే ముందు ఆయనను స్తుతించి, తర్వాత సంగతి చెబుతాను.

ఆ రోజుల్లో పై దేశాల పుస్తకమన్నది రంగూన్‌లో దిగేది కాదు. నేను సహాయకుడిగా చేరిన యూనివర్సిటీ కాలేజీ లైబ్రరీలో అన్నిటికంటే కొత్త పుస్తకం నాకంటే రెండేళ్లు పెద్దది. సర్కారు మీద జనం తిరగబడ్డ ఏడాది కాలేజీ మూసేశారు. రేవు పక్క బోటాటౌంగ్‌లో గోదాములు దోచుకుంటున్నారని విని, అద్దాలు పగిలిన మా లైబ్రరీ ఏమవుతుందోనన్న భయంతో రోజూ సంచిలో నాలుగైదు పుస్తకాలు తామ్వేలోని మా ఇంటికి మోశాను. దొంగిలించకూడదన్న ఆజ్ఞ సండే స్కూల్లోనే బుర్రకెక్కింది కాబట్టి ప్రతిదానికీ నా పేరుతో చీటీ రాసి డబ్బాలో వేశాను. (ఒకరికి రెండు పుస్తకాలే ఇవ్వాలన్న రూలు మాత్రం ఏ లేఖనంలోనూ లేదు గనక మరిచిపోయాను.) మంచం కింద చూసిన అమ్మ, "ఏటిరా ఇవి, గేదెల రోగాలు, పురుళ్లు పొయ్యడం? నీకేటి పని?" అని, కుటుంబ ప్రార్థనలో నా పేరు ముందుకు జరిపింది.

గొడవలు కాస్త అణగగానే, లైబ్రరీలో ఏమున్నాయో, ఎవరికి ఏ సేవ అందిందో చూడటానికి మర్నాడే పైఆఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని తెలిసింది. పుస్తకాలన్నీ ఒక్క పూటలో వెనక్కి చేర్చుదామంటే బస్సులింకా లేవు. మా లైబ్రేరియన్ బౌద్ధురాలు, అందరం సయామా, అంటే టీచరమ్మా, అని పిలిచేవాళ్లం. నన్ను మా దేవుణ్ణి అడగమని చెప్పి, తను పగోడాకి వెళ్లింది. నాకు మాత్రం ఇన్సేన్ జైలుకు అమ్మ అన్నం క్యారియర్ తెస్తున్నట్టే కనిపించింది.

పెద్దాయన ఖాళీ అరలు చూసి, చీటీల డబ్బా తీశాడు. అన్నిటా ఒకటే పేరు.

"ఇవన్నీ నువ్వే చదివావా?"

అవునంటే బతికిపోతాననిపించింది. నోరు మాత్రం, "లేదండీ, మోశాను. మా మంచం కింద ఉన్నాయి" అంది. సయామా కళ్లు మూసుకుంది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఏ కాలేజీకి వెళ్లినా పుస్తకాలు జనం ఎత్తుకెళ్లారనే చెప్పారన్నాడు. "ఎత్తుకెళ్లినవాడు చీటీ రాసిపెట్టడం ఇక్కడే చూశాను." వారంలోగా తెచ్చెయ్యమని, నివేదికలో ఇలా రాసుకున్నాడు: మూతబడిన కాలంలోనూ సేవలు అందాయి, పాఠకులు ఒక్కరు. ఆయన మెట్లు దిగాక అక్కడే నేలమీద కూర్చున్నాను. సయామా నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ మాట అబద్ధం కాకూడదని, తిరిగిచ్చే ముందు ఒకటైనా చదవబోయి మూడో పేజీలో నిద్రపోయాను.

ఇప్పుడు నా నోటికి నిజం అంత త్వరగా రాదు. ముందు నలుగురినీ చూస్తుంది. వణుకుతూనే ఉన్నమాట చెప్పేసిన ఆ పిరికివాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. ప్రియులారా, ఆ నోరు నాకు మళ్లీ ఇమ్మని నాతోపాటు ఒక్క క్షణం ప్రార్థించండి.