కళ్లు తెరవని యక్షరాణి

ఆదివారం పొద్దున నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగితే, మా అత్తగారి వీధి మొదట్లోనే రాతిపొడి వాసన ఎదురొస్తుంది. మా మామగారు విగ్రహాలు చెక్కుతారు. ఆయన ఉలి చప్పుడుకు అహోబిలం కోతులు తాళం వేస్తాయని ఆఫీసులో చెప్పాను. ఒకాయన వెళ్లి చూసొచ్చి, నిజమేనన్నాడు.

భోజనాలయ్యాక ఆయన షెడ్డు నీడలోనే మా ఆట. నేను, నా భార్య, ఆమె తమ్ముడు. పాచికలు, కాగితాలు, నోటికొచ్చిన కథ. అందులో తలా ఒక వేషం, తలపెట్టిన పని అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది, దారిలో ఎదురయ్యేవాళ్ల వేషాలన్నీ వేసేది నేను. కోతలు కోసినా తిట్లు పడని చోటు నాకు అదొక్కటే దొరికింది.

ఆటలో నా భార్య యోధురాలు, బామ్మర్ది మాంత్రికుడు. ఆ మాంత్రికుడికి ఒక్కొక్క మంత్రమే నేర్పుకుంటూ వాడు ఎంతో ముద్దుగా పెంచుకున్నాడు. ఆ ఆదివారం ఇద్దరూ అడవిలో దారి తప్పి యక్షిణుల కొలువులో చిక్కారు. రాణిని నేనే. అక్కడ ఒప్పందం ఒకసారి కుదిరితే రాణి కూడా దాటకూడదు.

గొంతు సన్నం చేశాను. "మాంత్రికుడా, నా విగ్రహం చెక్కు. అది పూర్తయ్యేదాకా మీరిద్దరూ స్వేచ్ఛగా తిరగండి. పూర్తయిన క్షణం నుంచి నువ్వు నా బానిసవు."

మంత్రంతో చెక్కితే సాయంత్రం టీకి ముందే పూర్తవుతుందని నా ఎత్తు. బామ్మర్ది ముఖం వాడిపోయింది.

"బావా, నా మాంత్రికుడు పోతే నేనింక ఆడను. ముందే చెప్తాండా."

వాడు లేచిపోతే ఆట ఉండదు. నా ఆదివారాలూ ఉండవు. అయినా రాణి వేషంలో ఉన్నప్పుడు జాలిపడితే ఎలా?

"ఒప్పుకోరా," అంది నా భార్య.

"ఏందక్కా, నన్ను అమ్మేస్తాండావా?"

"ఒప్పుకో అంటాండా కదా."

ఒప్పుకున్నాడు. పాచికలు వాడికి బాగా పడ్డాయి. జడ, నడుము, నగలు, కాలిగోళ్లతో సహా విగ్రహం లేచింది.

"పూర్తయింది. రా నాయనా, వచ్చి నా కాళ్లు పట్టు," అన్నాను.

"యాడ పూర్తయింది రాణెమ్మా?" అంది నా భార్య. "కళ్లు తెరిచినాడా?"

మామగారు చెక్కుతున్న అమ్మవారి విగ్రహం వైపు చూశాను. ముక్కుపుడకతో సహా అన్నీ ఉన్నాయి, కళ్లు మాత్రం నున్నగా ఉన్నాయి. ఆ వీధిలో చెక్కిన ఏ విగ్రహమైనా అంతే. గుడికి చేరాక, ప్రతిష్ఠ ముహూర్తానికే శిల్పి ఉలితో కళ్లు గీసి తెరుస్తారు. అందాకా అది రాయే.

"అయితే ముహూర్తం పెట్టించు," అన్నాను.

"నీకు గుడుందా?"

"లేదు."

"కట్టించుకో పో. అందాకా మావోడు తిరుగుతాంటాడు."

"మామా, మీరైనా చెప్పండి."

ఆయన ఉలి ఆపలేదు. "గుడి లేని బొమ్మకు కళ్లెవురు తెరుస్తారప్పా?"

బామ్మర్ది నవ్వుతూ పోయి అందరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. పెద్దది తీసి రాణిగారికి పెట్టాడు.

యక్షరాణి ఇప్పటికీ నల్లమలలో గుడికి స్థలం వెతుకుతోంది. దారి చూపడానికి మాంత్రికుడే ముందు నడుస్తున్నాడు. ప్రతి ఆదివారం ఆమెను ఏదో ఒక వాగులో దించుతున్నాడు. రాణికేమో కోపం. నాకు మాత్రం తొందరేమీ లేదు.