వెల్లకిలా పడిన చర్చి కప్పు

నెల రోజులుగా మా ఊళ్లో నన్ను పలకరించే తీరే మారిపోయింది. టీ బంకు కాడ కూర్చున్నా, బడికి నడిచి పోతున్నా ఒకటే ప్రశ్న. "సార్, నీళ్లు ఎప్పుడు వదుల్తారు?" నేను కట్టాలనుకున్నదానికీ నీళ్లకూ ఏ సంబంధమూ లేదు! మీరైనా నవ్వకుండా వినండి. సరే, నవ్వుతూనే వినండి.

మాది ఆళ్లగడ్డ పక్కన చిన్న ఊరు. బడిలో లెక్కలు చెప్తాను, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాను. నా భార్య సుగుణ కూడా టీచరే. ఆమె పోస్టింగు సంజామల దగ్గర. శనివారం సాయంత్రం బస్సు దిగుతుంది, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఎక్కుతుంది. ఆ కాస్త సమయంలో రెండు గంటలు ఆరాధనకే పోతాయి. పోతే పోనీ, ఆమె పాడుతుంది, నేను వాయిస్తాను. కానీ ఆడవాళ్ల వైపు మైకుకూ నా డోలక్‌కూ నడుమ ఇంత లావు స్తంభం ఒకటుంది. పాట వినపడుతుంది, పాడే మనిషి కనపడదు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్లా కొంగు అంచు మాత్రం అట్లా పక్కకొచ్చి పోతుంది. తొమ్మిదేళ్లుగా నేను తాళం వేస్తున్నది ఆ కొంగు అంచుకే.

మొన్న వానలకు చర్చి రేకులు కారినాయి. కొత్త కప్పు వేయాలని సంఘ పెద్ద దావీదప్ప మాట ఎత్తినాడు.

"స్తంభాలు లేకుండా వేద్దాం!" అనేసినాను.

"ఎందుకు సార్?"

"గాలి బాగా ఆడుతుంది."

చర్చిలో నిలబడి ఆడిన అబద్ధం. దాని ఫలితం వెంటనే మొదలైంది.

నా దగ్గర చదువుకున్న రూతు ఇప్పుడు నంద్యాలలో ఇంజనీరింగ్ లెక్చరర్. వెళ్లి అడిగితే, "పలచని కాంక్రీటు పెంకు వేయొచ్చు సార్. గుడ్డు పెంకు మాదిరి. మందం మూడంగుళాలు, నడుమ స్తంభం అక్కర్లేదు" అంది. ఆకారం వెతకడానికి కంప్యూటర్‌లో ప్రోగ్రాం ఉందట. నా లాప్‌టాప్‌లో వేసి నేర్పించింది. నాకు అర్థమైన తీరులోనే మీకూ చెప్తాను. చంటిపిల్లకు చీరతో ఉయ్యాల కడతాం గదా? బరువుకు ఆ గుడ్డ తనంతట తానే ఒక వంపు తిరుగుతుంది. అదే వంపును అట్లాగే గట్టిపరిచి బోర్లించినామంటే, తన బరువు తానే మోసుకుంటూ నిలబడుతుంది. కంప్యూటర్‌లో గుడ్డకు బదులు ఒక వల. నాలుగు మూలలు పట్టి బటన్ నొక్కితే మెల్లగా కిందికి జారుతుంది.

"ఇది మొదటి ఆకారమే సార్. సంఘానికి నచ్చితే అసలు లెక్కలు తర్వాత చూస్తాం. కానీ ఒక్కటి మర్చిపోవద్దు. మైనస్సును ప్లస్సు చేసి, వేలాడిన వలను పైకి తిప్పల్ల."

"ఈ వయసులో ప్లస్సు మైనస్సు నాకు నేర్పుతావా తల్లీ!" అన్నాను.

మూడు నెలలు రోజూ సాయంత్రం ఆ వల ముందరే. ఎన్ని వంపులు తిప్పినానో! చివరికి ఒకటి ముద్దుగా కుదిరింది. ప్రోగ్రాంలో మనుషుల బొమ్మలు కూడా ఉంటాయి. పచ్చ చీర ఆమెనొకదాన్ని, ఎదురుగా మగమనిషినొకణ్ని పెట్టినాను. పైనుంచి చూసినాను. ఇద్దరి నడుమా ఏమీ లేదు. ఖాళీ! ఎంతసేపు చూసినానో తెలియదు. కప్పు కింద ఉండాల్సిన మనుషులు పైనుంచి ఎట్లా కనపడుతున్నారని ఒక్క క్షణమన్నా ఆలోచించలేదు. పక్కనుంచి, సగానికి కోసినట్టు చూపే బొమ్మను తెరవకుండానే పెన్‌డ్రైవ్‌లో వేసి, నంద్యాలలో పెద్ద ఫ్లెక్సీ కొట్టించుకొచ్చినాను.

ఆరాధన అయినాక అందరి ముందరా చుట్ట విప్పినాను. దావీదప్ప కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికొచ్చినాడు.

"ఏందప్పా సార్ ఇది? బాప్తిస్మం తొట్టా?"

అప్పుడు చూసినాను. కప్పు వెల్లకిలా పడి ఉంది! అడుగున పచ్చ చీర ఆమె, ఎదురుగా ఆయన, ముంచడానికి సిద్ధంగా.

"బలే గీసినావ్ సార్! ఎండాకాలం బాప్తిస్మాలకు కాలవలో నీళ్లుండక ఎంత కష్టపడ్తాండామో నీకే పట్టింది!" అన్నాడు దావీదప్ప.

"లేదన్నా, ఇది కప్పు! తిప్పి చూడండి!" అని ఫ్లెక్సీని తలకిందులు చేసినాను. కప్పు సరిగ్గానే నిలబడింది. మనుషులిద్దరూ గబ్బిలాల్లా వేలాడినారు.

"అయితే ఇంక ఆరాధన బెలుం గుహల్లోనా సార్?" ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అన్నారు. మైకు ఇంకా ఆపలేదు.

పది నిమిషాల్లో తీర్మానాలు అయిపోయినాయి. కప్పుకు మళ్లీ రేకులే, స్తంభాలు ఉన్నచోటే. తొట్టి మాత్రం సార్ గీసినట్టే కట్టించల్ల!

మధ్యాహ్నం బస్టాపుకు నడుస్తున్నాం. సుగుణ అడిగింది, "ఇంతకీ ఆ స్తంభం మీకేం అన్యాయం చేసింది సారూ?"

చెప్పినాను. నడుస్తున్న మనిషి నిలబడిపోయింది.

"తొమ్మిదేళ్లా?"

"ఊఁ."

"డోలక్ నాలుగడుగులు ఇట్ల జరుపుకోని కూచోలేకపోతిరా?"

ఇంత లెక్కల సార్‌కు ఆ లెక్క తట్టలేదు! అంతలో బస్సు వచ్చేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు తిరిగిందాకా నావైపే చూస్తూ పోయింది.

తర్వాతి ఆదివారం నాలుగడుగులు జరిగి కూర్చున్నాను. పాట మొదలైంది. సుగుణ కళ్లు మూసుకొని పాడుతుంది! గొంతు పైకి లేచినప్పుడు ఎడమ కనుబొమ కూడా లేస్తుంది! తొమ్మిదేళ్లు నాకు తెలియనే తెలియదు. రెండో చరణానికల్లా జనం నావైపు తిరిగి చూస్తున్నారు. దావీదప్ప వంగి నా చెవిలో అన్నాడు: "సార్, పాట యాడో పోతాంది, నీ దెబ్బ యాడో పడ్తాంది. మళ్లీ ఆ స్తంభం చాటుకే పోప్పా!"

పోలేదు. డోలక్ ఇప్పుడు వేరేవాళ్లు వాయిస్తున్నారు. నాకు ముందు వరసలోనే చోటిచ్చి, చేతికి కంచు తాళాలు ఇచ్చినారు, కొట్టకూడదనే ఒప్పందం మీద.