ఉతకని నిప్పుకొండ

స్వర్ణముఖిలో నీళ్లు పారుతుంటే ఇప్పటికీ ఆయనే గుర్తొస్తాడు. ఎనభైల్లో, తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన. కలంకారీ బొమ్మలు వేస్తాడట. ఒళ్లో గుడ్డ విప్పి చూపించాడు. నల్లటి మరక తప్ప ఏమీ లేదు.

"బాలి దీవికి పోయినప్పుడు ఆడనే కూసోని వేసినానప్పా. పొగలు కక్కే కొండ, దాని కింద మెట్లు మెట్లుగా వరిమళ్లు. ఆడోళ్లు మగోళ్లు అందరూ బొమ్మలు చెక్కేవాళ్లే. బొమ్మేసినాక పారే నీళ్లల్లో ఉతకాల, లేకుంటే నలుపు గీత దాటి పాకుతాది. ఆ ఊరోళ్లు తమ ఏట్లోనే ఉతుక్కోమన్నారు. నేనే, స్వర్ణముఖిలో తప్ప ఉతకననేసినాను."

"తర్వాత?"

"వచ్చి సూస్తే ఏట్లో ఇసకే. వానల కోసరం కాసుకోనుంటే, నలుపు పాకి కొండను మింగేసింది."

బస్సు వంతెన ఎక్కింది. కింద స్వర్ణముఖి నిండుగా పారుతోంది. బస్సులో అందరూ లేచి నీళ్లను చూశారు. ఆయన మాత్రం తలెత్తకుండా, అంచుకు అంచు కలిపి, ఆ గుడ్డ మడుస్తున్నాడు.