బొటనవేలికి కట్టిన దారం

మొన్న మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బస్సులో సీటు దొరకలేదు. పైనున్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న పెద్దమనిషీ అదే రాడ్డు పట్టుకున్నాడు. ఒక మలుపులో ఆయన ముంజేయి వచ్చి నా ముంజేతికి ఆనింది. వెచ్చగా, చెమటగా, కొంచెం బరువుగా. మర్యాద తెలిసినవాడు చేయి జరుపుకోవాలి. నేను జరపలేదు. పైగా ఆ బరువు ఎటు ఒరుగుతోందో గమనిస్తూ దానితోపాటే నా చేయీ కదిలించాను. ఆయన నన్నొకసారి చూసి, రెండో చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయనకు దస్తగిరి మామ తెలియదు.

దస్తగిరి మామ మార్కాపురంలో దూది పరుపులు కుట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు మలేషియాలో ఒక హోటల్లో గిన్నెలు కడిగి, అక్కడి చైనా వంటమనిషి దగ్గర వింగ్ చున్ నేర్చుకుని వచ్చినాడు. ఎదుటివాడికి మూరెడు దూరంలో నిలబడి, చేతులతోనే కాచుకుంటూ చేతులతోనే కొట్టే విద్య అది. మా వైపు దానికి గిరాకీ ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. నేను చేరేనాటికి ఆయనకు శిష్యులు లేరు, చేరాక నేనున్నాను. నాది బేస్తవారిపేట. మా నాయన నాకు నడక తర్వాత నేర్పింది కుస్తీయే. డిగ్రీ చదివేటప్పుడు ఆ కుస్తీ వల్లే లెక్చరర్లు నాతో మెత్తగా మాట్లాడేవారు. తర్వాత నేనే లెక్చరర్నయ్యాను. ఒక పోటీలో కుడి భుజం ఊడి వచ్చింది. ఇక కుస్తీ మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఒంట్లో ఉన్న ఆ ఒక్క విద్యా పోతే నాకు మిగిలేది అర్థశాస్త్రం. అందుకని మామ దగ్గరికి వెళ్లాను.

దుకాణం వెనక గదిలో పరుపులు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. కుస్తీ పట్టినవాడి కంటికి అది స్వర్గం. మనుషుల్ని ఎత్తి పడేయడానికి బాగున్నాయి మామా అన్నాను. అవి అమ్మేటివి అన్నాడు. తర్వాత నిలబడటం నేర్పాడు. మేకను కాళ్ల సందున అదిమిపెట్టి మందు తాగించేటప్పుడు ఎట్ల నిలబడతావో అట్ల నిలబడమన్నాడు: మోకాళ్లు లోపలికి, పాదాలు లోపలికి. మాది మేకలున్న ఇల్లు కాబట్టి ఒక్కసారికే వచ్చింది. నా పురోగతి చాలాకాలం అక్కడే ఆగింది.

అసలు సాధన ఆ తర్వాతిది. ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఒకరివొకరికి ఆనించి, మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఎదుటివాడి బలం ఎటు వస్తోందో చర్మానికే తెలియాలి. నా చర్మానికి తెలిసేలోపే నా వేళ్లు ఆయన మణికట్టును పట్టేసేవి. చేతికి చిక్కినదాన్ని వదలొద్దనే కదా నాయన నేర్పింది. నేను పట్టుకోగానే మామ మోచేయి కొంచెం తిప్పేవాడు. ఆయన చేయి నా బొటనవేలి పక్కనుంచి జారిపోయి, అరచేయి నా ఛాతీ మీద ఆనేది. కొట్టేవాడు కాదు. పరుపులో దూది సరిగ్గా పట్టిందో లేదో చూసినట్టు ఒక్కసారి తట్టేవాడు.

"మళ్ల పట్టుకుంటివి గదా సారూ."

"అలవాటు మామా."

"పట్టుకుంటే నేను యాడున్నానో తెలుస్తాది. యాడికి పోతానో తెలీదు."

ఒకరోజు విసుగొచ్చి, పరుపులు కుట్టే దారం తీసుకుని నా బొటనవేళ్లను చూపుడువేళ్లకు కలిపి కట్టేశాడు. బొటనవేలు లేనిదే పట్టు లేదు. దుకాణానికి వచ్చిన ఒకామె నా చేతులు చూసి, ఏం దొంగతనం చేసినాడన్నా ఈ సారు అని అడిగింది. ఆ దారంతోనే వారాలు గడిచాయి. పట్టుకునే వీలు లేక, వేరే పని లేక, నా చేతులు వినడం మొదలుపెట్టాయి. ఊపిరి వదిలేటప్పుడు ఆయన చేయి బరువెక్కేది. నవ్వు రాబోయే ముందు ఎడమ చేయి తేలికయ్యేది.

ఒక సాయంత్రం ఆ చేతుల్లో ఏమీ లేదు. తిరుగుతున్నాయి, అంతే.

"ఏంది మామా, ఈ పొద్దు నువ్వు ఈడ లేవు?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "తెలిసిందా నీకు!" అన్నాడు. నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ వెంటనే, చేతులు తీయకుండానే, దుకాణం ఎత్తేస్తున్నానని చెప్పాడు. దూది పరుపులు అడిగేవాళ్లు లేరు. బెంగళూరులో బావమరిది ఫోము పరుపుల గోడౌనులో పని చూపించాడు. నేను అర్థశాస్త్రం చెప్పేవాణ్ని. ఆ లెక్క సరైనదేనని నాకు తెలుసు. అయినా మా కాలేజీ పిల్లలకు నేర్పుదువు, ప్రిన్సిపాలుతో మాట్లాడతానన్నాను. మాట్లాడాను కూడా. వింగ్ చున్ సిలబస్‌లో ఉందా అని అడిగాడాయన.

వెళ్లే రోజు బస్టాండులో అత్త ముందే బస్సెక్కి కూర్చుంది. నేను పెట్టె అందించాను. మామ మెట్టు మీద కాలు పెట్టి, వెళ్లొస్తానన్నట్టు చేయి చాచాడు. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. నాయన నేర్పిన పట్టు, బొటనవేలు బిగించి. డ్రైవరు హారన్ కొడుతున్నా వదల్లేదు. మామ మోచేయి కొంచెం తిప్పాడు. చేయి బొటనవేలి పక్కనుంచి జారిపోయింది. అరచేయి నా ఛాతీ మీద ఆనింది. ఒక్కసారి తట్టి, "ఇంకా అదే సారూ" అని లోపలికి పోయినాడు.

కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి. ఇప్పుడా నంబరుకు చేస్తే ఎవరో కన్నడంలో ఓపిగ్గా ఏదో చెప్తాడు. నాకు అర్థమయ్యే భాగం, అక్కడ దస్తగిరి లేడని.

కంభంలో ఆ పెద్దమనిషి దిగిపోయాడు. ఆయన చేయి ఆనినచోట గాలి చల్లగా తగిలింది. ముందర రోడ్డు బాగాలేదు, గట్టిగా పట్టుకోండి సార్ అన్నాడు కండక్టరు. పట్టుకున్నాను. నాలుగు వేళ్లు రాడ్డు మీదికి పోయాయి. బొటనవేలు మాత్రం, దారం ఇంకా ఉన్నట్టు, చూపుడువేలి పక్కనే ఉండిపోయింది.