మామ్మ చూసొచ్చిన కాలేజీ

కాలేజీ రోజులంటే రంగుల రోజులని ఎవరైనా అంటే నాకు ముందు కాళ్ళు నొప్పి పుడతాయి. ఆ రోజుల్లో నేను చూసిన రంగులు రెండే. ఒకటి మా పల్లె బస్సు ఎరుపు, రెండోది ప్రాక్టికల్ రికార్డులో ఆకులకు వేసే ఆకుపచ్చ. శ్రీముఖలింగం దారిలో ఉన్న మా ఊరి నుంచి శ్రీకాకుళానికి గంటన్నర ప్రయాణం, అదీ కడ్డీ పట్టుకుని నిలబడి. (నిలబడి నిద్రపోవడం గుర్రాలకే వచ్చంటారు. అన్నవాళ్ళు మా బస్సెక్కి ఉండరు.) కానీ మా నాన్న దృష్టిలో నేను రోజూ పాటల మధ్యకు వెళ్ళి వస్తున్నాను. ఆయనకు తెలిసిన కాలేజీ అంతా ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చేదే. అందులో మగపిల్లలు మోటారుసైకిళ్ళ మీద ఉంటారు, ఆడపిల్లలు చెట్ల కింద ఉంటారు, పుస్తకం ఒక్కటే ఉంటుంది, అదీ చేతిలోంచి జారి పడడానికి.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, మా కాలేజీ పిల్ల ఎవరో బస్ కాంప్లెక్సులో ఒక అబ్బాయితో మాట్లాడుతూ కనిపించిందని ఊళ్ళోకి కబురొచ్చింది. ఆ పిల్ల నేను కాదు. అయినా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయి, "ఇంక సాలు. వచ్చే నెల నుంచి ఇంటి కాడే ఉండు" అనేశాడు. నేను రెండు రోజులు ఏడ్చాను. ఆయనకు ఎదురు చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఒక్కతే, ఆయన్ని కన్నతల్లి, మా మామ్మ. వేరుశెనక్కాయలు ఒలుస్తున్నదల్లా చేట పక్కన పెట్టి, "ఆగరా. నానెల్లి సూసొస్తాను. పాడు యవ్వారం ఉన్నాదంటే నానే దాన్ని సెయ్యట్టుకుని తెచ్చెస్తాను" అంది. ఊరికి మాత్రం అరసవల్లి దేవుడి దర్శనానికని చెప్పారు.

మర్నాడు మామ్మ మడత నలగని చీర కట్టి, చద్దన్నం గిన్నె మూట గట్టి నాతో బయల్దేరింది. మా కాలేజీ ఒక అద్దె మేడ. కింద ఎరువుల కొట్టు, పైన మేము. మెట్లెక్కుతూ గాలి పీల్చి, "ఏటే, మీ కాలేజీలో యూరియా కూడా దొరుకుతాదేటి?" అని సంబరపడింది. ఆ రోజు మొత్తానికి ఆమెకు కలిగిన సంతోషం అదొక్కటే.

బోటనీ మేడం పెద్దావిడను చూసి కాదనలేక ముందు బెంచీలో కూర్చోబెట్టింది. (అక్కడ కూర్చోవడానికి పోటీ ఎప్పుడూ ఉండేది కాదు.) మామ్మ గదంతా కలియజూసి నా చెవిలో, "మోటారుసైకిలోడు ఎవడే?" అంది. చివరి బెంచీలో తల వాల్చి గురక పెడుతున్నవాణ్ణి చూపించాను. వాడికి బండి ఉన్న మాట నిజమే, దానికి అటూ ఇటూ పాలక్యాన్లు కూడా ఉన్నాయి. తెల్లారకుండా నాలుగు ఊళ్ళలో పాలు పోసి వచ్చేవాడు. "మరి పేమించుకున్నోలు?" అంది. మా క్లాసు మొత్తానికి ఉన్న ఒక్క జంటనూ చూపించాను. అతను ఆమె రికార్డులో కాండం అడ్డుకోత బొమ్మ గీస్తున్నాడు, ఆమె రబ్బరు అందిస్తోంది. మామ్మ వాళ్ళనే రెప్ప వెయ్యకుండా చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది. "ఇంతే మామ్మా" అన్నాను. "నోరైనా ఇప్పరేటే?" అని విసుక్కుంది.

ఆ తర్వాత ఫిజిక్స్ క్లాసు లేదు, ఎందుకంటే సారు లేడు. వానాకాలంలో మానేసి వెళ్ళినాయన స్థానంలో ఇంకా ఎవరూ రాలేదు. ఖాళీగా ఉండడమెందుకని బోటనీ మేడమే మళ్ళీ వచ్చి నోట్సు చెప్పింది, మేం రాసుకున్నాం. మధ్యాహ్నం చద్దన్నం తిన్నాక మళ్ళీ చెప్పింది, మళ్ళీ రాసుకున్నాం. మామ్మ గోడకు ఆనుకుని నిద్రపోయింది. లేచేసరికి మేడం ఇంకా అదే పేజీలో ఉంది.

సాయంత్రం కాంప్లెక్సు బల్ల మీద కూలబడి, కాళ్ళు పిసుక్కుంటూ, "టీవీలో అన్నీ అబద్దాలేనే" అంది మామ్మ. కొండను తవ్వి ఎలుకను పట్టినదానిలా ఉంది మొహం. నా ప్రాణం లేచి వచ్చింది. "అదే సెప్పు మామ్మా, అక్కడ ఏటీ నేదని నాన్నకి సెప్పెయ్" అన్నాను. మామ్మ నా వంక జాలిగా చూసింది. "ఓసి పిచ్చి గుంటా! ఏటో ఉన్నాదంటే సెడిపోతావని మానిపిస్తాడు. ఏటీ నేదంటే, మరెందుకే ఎల్లడం, ఇంట్లో కూకో అంటాడు" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. బస్సులో మామ్మ దారి పొడుగునా వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క పెట్టుకుంది. అరసవల్లి వెళ్ళాలన్న సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

నాన్న అరుగు మీదే కాచుకుని ఉన్నాడు. మామ్మ చెంబెడు నీళ్ళు తాగి మొదలుపెట్టింది. "గేటు కాడ మీసాలోడు ఒకడు కర్రట్టుకుని ఉంటాడురా, సీమ కూడా దూరదు. ఆడపిల్లలొక పక్క, మగ గుంటలొక పక్క. గోడల నిండా పుస్తకాలే. మేస్టర్లు ఊపిరైనా తీసుకోకండా సెప్తారు. నాకే నాలుగు ముక్కలొచ్చెసినాయి." (గేటే లేదు మా కాలేజీకి.) నాన్న అనుమానంగా, "ఏటి ముక్కలొచ్చినాయే అమ్మా?" అన్నాడు. మామ్మ తొణకలేదు. "జైలెం, ఫ్లోయెం. నీళ్ళు పైకి మోసేది జైలెం, తిండి మోసేది ఫ్లోయెం. నీకు తెల్సేటి? ఇన్నేళ్ళనుంచి వరి పండిత్తన్నావు" అంది. నాన్న తల దించుకున్నాడు. నా చదువు ఆగలేదు. మామ్మ ఆ ఆదివారమే అరసవల్లి వెళ్ళి, దేవుడి ముందు లెంపలేసుకుని వచ్చింది.

ఇప్పుడు నేనూ అలాంటి మేడ మీద కాలేజీలోనే బోటనీ చెబుతున్నాను. మేడం అలిసిపోయి అదే పేజీ ఎందుకు చదివేదో ఇప్పుడు తెలుసు. వేసవి వస్తే మా లెక్చరర్లందరినీ పిల్లల్ని చేర్పించమని ఊళ్ళ మీదికి తోలుతారు. మొన్న ఎండలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. "గుంట పాడైపోదు కదా మేడం?" అని తండ్రి అడిగాడు. నిజం చెప్పే ఓపిక లేదు, చెబితే ఆ పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. "గేటు దగ్గర మీసాలాయన ఉంటాడండీ" అని మొదలుపెట్టాను. పుస్తకాలూ, ఊపిరి తీసుకోని మేస్టర్లూ, ఒక్క ముక్క పొల్లుపోకుండా అన్నీ చెప్పాను. ఆయన తలూపాడు. గుమ్మం పక్కన కూర్చుని అంతా విన్న ముసలమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నానొక రోజు వచ్చి సూడొచ్చేటమ్మా?" అంది.

మా మామ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు ఆమె మీద బెంగ ముంచుకొచ్చింది, నవ్వూ వచ్చింది.

"రండి మామ్మా" అన్నాను. "ముందు బెంచీ ఖాళీగానే ఉంటుంది."